చేతి వాచీ చెప్పే నిద్ర లెక్కను ఇంట్లోనే సరిచూసుకోవడం ఎలా?

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు సాగు చేస్తున్న మా బావమరిది నిరుడు వేసవిలో ఒక స్మార్ట్ వాచీ కొనుక్కున్నాడు. రొయ్యలు పెంచేవారికి రాత్రి రెండు గంటల నుంచి తెల్లవారే వరకు గడిచే కాలం గండం వంటిది. పగలు నీటిలోని నాచు వదిలిన ప్రాణవాయువును రాత్రంతా నాచూ రొయ్యలూ కలిసి వాడుకోవడం వల్ల ఆ వేళకు అది బాగా తగ్గిపోతుంది. కరెంటు పోయి, నీటిలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోతే రొయ్యలు నీటి పైకి తేలిపోతాయి. అందుకని ఆయన ఆ వేళలో గట్టు మీది షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఏరేటర్ల చప్పుడు వింటూ, కదలకుండా కూర్చుంటాడు. ఒకనాటి ఉదయం వాచీ ఆయనకు 7 గంటల 5 నిమిషాల నిద్రను చూపించింది. "రెండు గంటల కాడ నుంచి కూసోనే ఉండా గదా బావా, నేను నిద్దరపోయానంటదేంది ఇది?" అంటూ నా ముందు చెయ్యి చాపాడు. ఆయన పడుకున్నది రాత్రి తొమ్మిదిన్నరకు, లేచినది రెండు గంటలకు. అది నాలుగున్నర గంటల నిద్ర. కుర్చీలో గడిపిన మిగతా కాలాన్నంతా వాచీ తేలిక నిద్ర కింద కలిపేసుకుంది.

వాచీ పాడైపోయిందని ఆయన అనుకున్నాడు గాని, అందులో లోపమేమీ లేదు. కదలకుండా ఉన్న చెయ్యి, నెమ్మదిగా కొట్టుకుంటున్న నాడి దానికి అందాయి. అటువంటి స్థితికి నిద్ర అని పేరు పెట్టమని దానికి నేర్పారు కాబట్టి అలాగే పెట్టింది. ఈ తరహా పొరపాటు ఒక్కొక్కరి విషయంలో ఒక్కో మోతాదులో జరుగుతుంది గనుక, పెట్టె మీద కంపెనీ రాసుకున్న మాటలు గాని, ఎక్కడో ఎవరి మీదనో చేసిన పరీక్షల సగటు గాని మీకు అక్కరకు రావు. మీ వాచీ మీ నిద్రను ఎంత పెంచి చెబుతున్నదో, రాత్రిలో ఏ భాగంలో పెంచుతున్నదో మీరే తేల్చుకోవాలి. అందుకు పద్నాలుగు రాత్రులు, ఒక నోటు పుస్తకం, గుప్పెడు చింతగింజలు చాలు.

వాచీకి అందేది, అందనిది

నిద్రను కొలిచే అసలైన పరీక్షను పాలీసోమ్నోగ్రఫీ అంటారు. అందులో తల మీద అతికించిన తీగలతో మెదడు తరంగాలను, కళ్ల పక్కన అతికించిన వాటితో కనుగుడ్ల కదలికలను, గడ్డం వద్ద కండరాల బిగువును, వీటితో పాటు గుండె లయను, ముక్కులో గాలి రాకపోకలను, రొమ్ము, పొట్టల కదలికను, రక్తంలోని ఆక్సిజన్‌ను రాత్రంతా నమోదు చేస్తారు. ఆ నమోదును 30 సెకన్ల చొప్పున ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు మెలకువ, మొదటి దశ, రెండో దశ, గాఢ నిద్ర, రెమ్ నిద్ర అనే అయిదు పేర్లలో ఒకదాన్ని నిపుణులు పెడతారు. కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్రను 1953లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ లోకానికి తెలిపింది కూడా మూసిన రెప్పల వెనుక కనుగుడ్లు వేగంగా కదలడాన్ని గమనించే. అంటే దశలను గుర్తించే ఆనవాళ్లన్నీ మెదడులో, కళ్లలో, గడ్డం కండరాల్లో ఉన్నాయి. ముంజేతికి వాటి సమాచారం నేరుగా చేరదు.

ముంజేతి మీది వాచీకి ఉన్న సాధనాలు ప్రధానంగా రెండు. కదలికను గుర్తించే యాక్సెలరోమీటర్ ఒకటి. వెనుక వైపు మెరిసే ఆకుపచ్చ వెలుగు రెండోది. రక్తం ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది కాబట్టి, నాడి కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింద రక్తం పెరిగి, తిరిగి వచ్చే వెలుగు కొద్దిగా తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గుల నుంచి వాచీ నాడి వేగాన్ని, రెండు దెబ్బల నడుమ విరామంలోని తేడాలను లెక్క కడుతుంది. గాఢ నిద్రలో నాడి నెమ్మదిగా, నిలకడగా ఉంటుంది. రెమ్ నిద్రలో శరీరం కదలకపోయినా నాడీ శ్వాసా కొంత ఒడుదొడుకులకు లోనవుతాయి. ఈ పోలికలను ఆధారం చేసుకుని వాచీ దశలను ఊహిస్తుంది. జ్వరం వచ్చినా, రాత్రి పొద్దుపోయి బిర్యానీ తిన్నా, మద్యం తాగినా నాడి తీరు మారుతుంది, దానితో ఊహా మారుతుంది. బీపీ కోసం బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవారూ, గుండె లయ తప్పే జబ్బు ఉన్నవారూ దశల లెక్కను దాదాపు పక్కన పెట్టడమే మంచిది.

ఇంకొక సంగతి కూడా తెలిసి ఉండాలి. మెదడు తరంగాలను కళ్లారా చూస్తూ పేర్లు పెట్టే శిక్షణ పొందిన ఇద్దరు నిపుణుల మధ్య కూడా ఏకాభిప్రాయం నూటికి సుమారు 80 ముక్కల్లోనే కుదురుతుంది. అసలు పరీక్షలోనే అంత సందిగ్ధం ఉన్నప్పుడు, మణికట్టు నుంచి చూసి "గాఢ నిద్ర 1 గంట 12 నిమిషాలు" అని నిమిషంతో సహా చెప్పేదాన్ని ఎంతవరకు పట్టించుకోవాలో ఆలోచించుకోవచ్చు.

శాతాల మాయ

"నిద్రను గుర్తించడంలో 90 శాతానికి పైగా కచ్చితత్వం" అనే ప్రకటనలు అబద్ధాలు కావు. కాని వాటిలో ఒక మెలిక ఉంది. ఒక మనిషి ఎనిమిది గంటలు మంచం మీద ఉండి ఏడు గంటలు నిద్రపోయాడనుకోండి. ఎనిమిది గంటలంటే 30 సెకన్ల ముక్కలు 960, వాటిలో నిద్ర ముక్కలు 840. కళ్లు మూసుకుని ప్రతి ముక్కకూ నిద్ర అనే పేరే పెట్టే యంత్రం ఒకటి ఉంటే, దానికి కూడా 960కి 840, అంటే 87.5 శాతం మార్కులు వస్తాయి. ఆ మాట చెప్పడానికి వాచీ అక్కరలేదు, మంచం కోడు కూడా చెప్పగలదు. వాచీ సత్తా తేలేది మిగిలిన 120 ముక్కల్లో, అంటే మనిషి మెలకువగా ఉన్న గంటలో. పరిశోధనల్లో మళ్లీ మళ్లీ కనిపించిన విషయం కూడా ఇదే: చేతి పరికరాలు నిద్రను నిద్రగా బాగానే గుర్తిస్తాయి, మెలకువను మెలకువగా గుర్తించడంలో మాత్రం బాగా వెనుకబడతాయి. కాబట్టి పడుకోగానే నిద్రపట్టి తెల్లవారే దాకా లేవనివారికి వాచీ దాదాపు సరిగ్గానే పనిచేస్తుంది. నిద్ర పట్టక దొర్లేవారికి, అంటే దాని అవసరం ఎక్కువగా ఉన్నవారికే, అది తప్పు చెబుతుంది.

ముందుగా చేతికి కట్టుకునే తీరు

పరీక్ష మొదలుపెట్టే ముందు వాచీ తన పని తాను చేసుకోగలిగే స్థితిని కల్పించాలి. మణికట్టు ఎముక మీద కాకుండా, దానికి ఒకటి రెండు వేళ్ల వెడల్పు పైన, మోచేతి వైపుకు కట్టుకోవాలి. చేతిని ఊపినప్పుడు వాచీ జారకూడదు, తీసిన తరువాత చర్మం మీద లోతైన గాడి పడకూడదు. మన వేసవిలో చెమటకు సిలికాన్ పట్టీ జారుతుంది, కింద దద్దు లేస్తుంది. పడుకునే ముందు చేతినీ పట్టీనీ కడిగి పొడిగా తుడిచి, రాత్రికి బట్ట పట్టీ వాడితే కొంత నయం.

గాజులు వేసుకునే స్త్రీలు వాచీని గాజుల మధ్య ఇరికించకూడదు. పక్కకు ఒత్తిగిలినప్పుడల్లా గాజులు వాచీని పైకి లేపుతాయి, వెలుగు పక్కకు పోతుంది, నాడి దొరకదు. ఒక చేతి గాజులు తీయడానికి ఇష్టం లేకపోతే వాచీని గాజుల కంటే పైకి, మోచేతి వైపుకు జరిపి కట్టుకోవడం ఒక ఉపాయం. మన పల్లెల్లో పెద్ద వయసు ఆడవారి ముంజేతుల మీద పచ్చబొట్లు ఎక్కువ. చర్మంలోకి దిగిన ఆ రంగు వెలుగును అడ్డుకుంటుంది గనుక పచ్చబొట్టు లేని చేతికే కట్టాలి. మా అత్తగారికి వారం రోజుల పాటు అర్ధరాత్రి వేళ నాడి గీత తెగిపోతూ వస్తే, ఇంట్లో అందరం కంగారు పడి చివరికి తెలుసుకున్నది ఈ పచ్చబొట్టు సంగతే.

రోజువారీ పనికి ఎక్కువగా వాడని చేతికి, అంటే చాలామందికి ఎడమ చేతికి కట్టుకుని, యాప్‌లో కూడా అదే చెయ్యి అని నమోదు చేయాలి. తరువాత నాడి కొలత ఎంత సేపటికి ఒకసారి జరుగుతున్నదో చూడాలి. బ్యాటరీ ఆదా కోసం చవక బ్యాండ్లలో ఇది పది నిమిషాలకో అరగంటకో ఒకసారిగా ఉంటుంది. అరగంటకు ఒకసారి నాడి చూసే పరికరం నిద్ర దశలు చెప్పడమంటే కిటికీలో నుంచి గంటకు రెండుసార్లు తొంగిచూసి పెళ్లి వర్ణించడం వంటిది. దానిని నిరంతరంగా గాని, నిమిషానికి ఒకసారిగా గాని మార్చాలి. కొన్ని యాప్‌లలో నిద్ర కోసం విడిగా మరొక మీట ఉంటుంది, అదీ వేయాలి. పడుకునే వేళ, లేచే వేళ ముందే నింపమని అడిగే యాప్‌లలో మీ అసలు అలవాటునే నింపాలి గాని, డాక్టరు చెప్పిన ఆదర్శ సమయాలను కాదు. ఛార్జింగ్‌ను సాయంత్రం స్నానానికీ భోజనానికీ మధ్య ముగించుకోవాలి.

చింతగింజలు, నోటు పుస్తకం

వాచీకి ఎదురుగా నిలబెట్టే సాక్షి మీ పుస్తకమే. పాలీసోమ్నోగ్రఫీ ఇంట్లో చేసుకోలేము, కాని నిద్ర వైద్యులు రోగులతో రాయించే నిద్ర దినచర్యను ఎవరైనా రాసుకోవచ్చు. ఉదయం లేచిన గంటలోపు, వాచీని గాని ఫోన్‌లోని యాప్‌ను గాని చూడకముందే రాయాలి. ఈ ఒక్క నియమం తప్పితే మొత్తం పరీక్ష వృథా అవుతుంది, ఎందుకంటే వాచీ అంకె ఒకసారి కంట పడిన తరువాత మన జ్ఞాపకం దాని వైపుకే ఒరుగుతుంది.

ప్రతి రోజూ రాయవలసినవి: మంచం ఎక్కిన సమయం, దీపం ఆర్పి నిద్రకు ప్రయత్నించిన సమయం, నిద్ర పట్టడానికి పట్టిన కాలం ఉజ్జాయింపుగా, మధ్యలో మెలకువ వచ్చిన సార్లు, ఆ మెలకువల మొత్తం నిడివి, చివరిగా కళ్లు తెరిచిన సమయం, మంచం దిగిన సమయం. పక్కన ఒక గీత గీసి ఆ నాటి విశేషాన్ని రాయాలి: కరెంటు పోయింది, మనవరాలికి జ్వరం, సాయంత్రం ఆరు తరువాత కాఫీ తాగాను, మిద్దె మీద పడుకున్నాను, ఇటువంటివి.

మధ్య మెలకువల లెక్కకే చింతగింజలు. రాత్రి వేళ గడియారం చూస్తే నిద్ర ఇంకా చెడుతుంది, ఫోన్ తీస్తే వెలుగు కళ్లలో పడుతుంది, పుస్తకం వెతికితే పక్కవారు లేస్తారు. తల దగ్గర రెండు స్టీలు గిన్నెలు పెట్టుకుని, ఒకదానిలో పదిహేను గింజలు వేసి ఉంచండి. మెలకువ వచ్చినప్పుడల్లా చీకట్లోనే ఒక గింజను రెండో గిన్నెలోకి మార్చండి. చాలాసేపు, అంటే పావుగంటకు పైగా మెలకువగా ఉన్నానని అనిపిస్తే ఇంకొకటి చేర్చండి, బాత్‌రూమ్‌కు లేచినా ఇంకొకటి. గిన్నెలో గింజ పడిన చప్పుడుకు మా ఇంటావిడ మొదటి రెండు రాత్రులు విసుక్కున్నది. గిన్నె అడుగున గుడ్డ ముక్క పరిచిన తరువాత ఆ తగాదా తీరింది.

గింజలు మూడే ఉండి, వాచీ పన్నెండు మెలకువలను చూపితే భయపడవలసిన పని లేదు. ఆరోగ్యవంతులు కూడా రాత్రిలో చాలాసార్లు కొన్ని క్షణాల పాటు మేలుకుని, ఒత్తిగిలి, మళ్లీ నిద్రలోకి జారుకుంటారు, ఉదయానికి అది జ్ఞాపకం ఉండదు. వాచీ వాటిని పట్టుకోవడం తప్పు కాదు. దీనికి తలకిందులుగా జరిగినప్పుడే, అంటే రెండు గింజలు వేసిన పెద్ద మెలకువ వాచీలో కనిపించనప్పుడే గుర్తు పెట్టుకోవాలి.

నా పుస్తకంలోని ఒక రాత్రిని ఇక్కడ విప్పి చూపుతాను. దీపం ఆర్పినది 10:30కి. నిద్ర పట్టడానికి ఇరవై నిమిషాలు పట్టిందనుకున్నాను, అంటే 10:50. మధ్యలో రెండు చిన్న మెలకువలు, ఒక పెద్ద మెలకువ, అన్నీ కలిపి సుమారు 40 నిమిషాలు. ఉదయం 5:40కి కళ్లు తెరిచాను, కాకుల గోల వింటూ ఆరింటి దాకా పడుకునే ఉన్నాను. 10:50 నుంచి 5:40 వరకు 6 గంటల 50 నిమిషాలు, అందులో 40 పోగా నిద్ర 6 గంటల 10 నిమిషాలు. వాచీ ఏమి చెప్పిందంటే, నిద్ర మొదలు 10:34, నిద్ర ముగింపు 5:52, మధ్య మెలకువ 21 నిమిషాలు, మొత్తం నిద్ర 6 గంటల 57 నిమిషాలు. తేడా 47 నిమిషాలు. దానిని విడగొడితే మొదట్లో 16, చివర్లో 12, మధ్యలో 19. దీపం ఆర్పి కదలకుండా ఆలోచిస్తున్న కాలం, లేవకుండా కాకులను విన్న కాలం, మధ్యరాత్రి పైకప్పు చూస్తూ పడుకున్న కాలం, మూడూ నిద్రలో కలిసిపోయాయి. మొత్తం అంకెను మాత్రమే పోల్చి ఊరుకుంటే ఈ సంగతి బయటపడదు. అందుకే తేడాను మూడు భాగాలుగా రాసుకోమంటున్నాను.

ఈ పద్నాలుగు రాత్రులలో రెండు రాత్రులు ఇంకొక చిన్న ప్రయోగం చేయవచ్చు. రోజూ పడుకునే వేళకు గంట ముందు మంచం మీద పడుకుని, దీపం ఆర్పి, రేడియో సన్నగా పెట్టుకుని, 45 నిమిషాలు కదలకుండా, కాని నిద్రపోకుండా ఉండండి. తరువాత లేచి గేటు దాకా నడిచి, మంచినీళ్లు తాగి వచ్చి మామూలుగా పడుకోండి. ఉదయం వాచీలో నిద్ర మొదలైన సమయం రేడియో విన్న వేళలోనే ఉంటే, మీ వాచీకి నిశ్చలత్వానికీ నిద్రకూ భేదం తెలియదని నిర్ధారణ అయినట్లే. గేటు దాకా నడిచిన తరువాతనే నిద్ర మొదలైనట్లు చూపితే, అది నాడిని కూడా చక్కగా వాడుకుంటున్నదని అనుకోవచ్చు. కొన్ని యాప్‌లలో మెలకువను పట్టే తీరును సాధారణం నుంచి సున్నితానికి మార్చే వీలు ఉంటుంది. పరీక్షలో ఓడిన వాచీకి ఆ మార్పు చేసి చూడవచ్చు గాని, అప్పుడు ప్రతి ఒత్తిగిలింతా మెలకువ కింద లెక్కకు వచ్చి, తప్పు రెండో వైపుకు పోయే ప్రమాదమూ ఉంది.

పద్నాలుగు తేడాల నుంచి ఒక అంకె తీయడం

రెండు వారాలు ముగిసిన తరువాత, రోజు వారీగా వాచీ నిద్రలో నుంచి పుస్తకం నిద్రను తీసివేసి, తేడాను దగ్గరి అయిదు నిమిషాలకు సవరించి, చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా రాయండి. నావి ఇలా వచ్చాయి: మైనస్ 10, 5, 15, 20, 25, 30, 35, 40, 40, 45, 50, 55, 150, 230. వీటి సగటు 52 నిమిషాలు. కాని చివరి రెండు అంకెలు మామూలు రాత్రులవి కావు. ఒకటి ఆసుపత్రిలో బంధువు మంచం పక్కన కూర్చుని గడిపినది, రెండోది నెల్లూరులో చార్మినార్ ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కి హైదరాబాదు వెళ్లిన రాత్రి. అవి సగటును అన్యాయంగా పైకి లాగాయి. అందువల్ల సగటుకు బదులు నడిమి అంకెను, అంటే ఏడవ, ఎనిమిదవ అంకెల మధ్యదాన్ని తీసుకోవాలి. నా విషయంలో అది 35కీ 40కీ మధ్య, సుమారు 38 నిమిషాలు. మొదటి మూడు, చివరి మూడు అంకెలను వదిలేస్తే మిగిలిన ఎనిమిదీ 20 నుంచి 50 లోపల ఉన్నాయి.

ఈ లెక్కకు రెండు ఉపయోగాలున్నాయి. వాచీ 7 గంటలు అని చెప్పిన రాత్రి నేను ఆరూ ఇరవై ప్రాంతంలో నిద్రపోయి ఉంటానని అనుకోవచ్చు, ఇది మొదటిది. రెండోది ఇంకా ముఖ్యం. తేడా తనంతట తానే 20 నుంచి 50 వరకు ఊగుతున్నది కాబట్టి, నిన్నటికీ ఈ రోజుకూ వాచీ అంకెలో అరగంట లోపు మార్పు కనిపిస్తే దానికి అర్థం లేదు. వారం సగటుకు వారం సగటు పోల్చినప్పుడు మాత్రమే ఆ అంకెకు విలువ వస్తుంది.

పుస్తకం కూడా దేవుడి వాక్కు కాదు. నిద్రలేమితో బాధపడేవారు తాము నిద్రపోయిన కాలాన్ని తక్కువగా అంచనా వేసుకోవడం వైద్యులకు బాగా తెలిసిన విషయం. కోడికునుకులు తీసినవారు ఉదయం లేచి రాత్రంతా కంటి మీద కునుకు లేదని నిజాయితీగానే చెబుతారు. వాచీకీ మీకూ రెండు మూడు గంటల తేడా రోజూ వస్తుంటే, తప్పు ఎవరిదో పక్కన పడుకునేవారిని అడగండి. వారు మేలుకుని చూసినప్పుడు మీరు గురక పెడుతున్నారో పైకప్పు చూస్తున్నారో చెప్పగలరు.

రాత్రి పనివారి సంగతి

పగటి వెలుగులో మేలుకుని రాత్రి పడుకునేవారిని దృష్టిలో పెట్టుకుని చేసిన పరికరాలివి. కృష్ణపట్నం ఓడరేవులో రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునే కార్మికుడి నిద్రను కొన్ని వాచీలు రెండు ముక్కలుగా చీల్చి, ఒక ముక్కను కునుకుగానూ మరొకదాన్ని అసలు నిద్రగానూ చూపుతాయి. కొండపి, పొదిలి ప్రాంతాల్లో పొగాకు బ్యారన్‌లలో, అంటే ఆకును వేడితో ఆరబెట్టే గదుల్లో, క్యూరింగ్ జరిగే రోజుల్లో, పొయ్యిలో కట్టెలు ఎగదోస్తూ, లోపలి వేడిమిని చూస్తూ, నడుమ నడుమ నులక మంచం మీద వాలే రైతుకు ముక్కలు ముక్కలైన నిద్రే ఉంటుంది. చిన్న చిన్న కునుకులను కొన్ని పరికరాలు లెక్కలోకే తీసుకోవు. పసిబిడ్డకు అర్ధరాత్రి కూర్చుని పాలు పట్టే తల్లికి ఎదురయ్యేది మా బావమరిది కుర్చీ సమస్యే. ఇటువంటివారు రాత్రికి ఒక లెక్క కాకుండా, మధ్యాహ్నం పన్నెండు నుంచి మరునాటి పన్నెండు వరకు ఒకే రోజుగా పుస్తకంలో గీసుకుని, ప్రతి కునుకునూ విడిగా రాసి కూడుకోవాలి. యాప్‌లో నిద్ర సమయాలను చేతితో దిద్దే వీలుంటే కుర్చీలో కూర్చున్న గంటలను అక్కడే తొలగించాలి. మా బావమరిది ఇప్పుడు అదే చేస్తున్నాడు. ఆయన అసలు అంకె అయిదు గంటల దగ్గర తేలింది, దానితో గుంటల దగ్గరికి వారానికి మూడు రాత్రులు ఇంకొక మనిషిని పెట్టుకున్నాడు.

ఎండాకాలంలో మధ్యాహ్నపు నిద్ర మన వైపు అందరికీ ఉన్నదే కనుక, దానిని లెక్కలో చేర్చకుండా రాత్రి నిద్ర తగ్గిపోయిందని బెంగపడకూడదు.

ఏ అంకెను ఉంచుకోవాలి, దేనిని వదలాలి

నిద్ర మొదలైన వేళ, ముగిసిన వేళ, వారం సగటు నిద్ర, నిద్రలో నాడి వేగం, ఈ నాలుగూ పనికివస్తాయి. దశల పట్టీని వినోదంగా చూసుకోవచ్చు. తేలిక నిద్ర అన్న పేరు చూసి అది పనికిరాని నిద్ర అనుకునేవారు చాలామంది ఉన్నారు. మొదటి, రెండవ దశలను కలిపి కంపెనీలు పెట్టిన పేరు అది, ఆరోగ్యవంతుల రాత్రిలో సగానికి పైగా ఉండేది ఆ నిద్రే. నూటికి ఇంత అని ఇచ్చే నిద్ర స్కోరు ప్రతి కంపెనీకీ సొంత వంటకం, ఒకరి 82ను మరొకరి 75తో పోల్చడం అర్థం లేని పని. ఆ స్కోరు కోసం ఆరాటపడి నిద్ర పోగొట్టుకునేవారి గురించి 2017లో అమెరికా పరిశోధకులు రాస్తూ ఆ స్థితికి ఆర్థోసోమ్నియా అని పేరు కూడా పెట్టారు.

యాప్ అప్‌డేట్ వచ్చిన తేదీని పుస్తకంలో తప్పక రాయాలి. లెక్క కట్టే సూత్రాన్ని కంపెనీ మార్చితే మీ నిద్ర మారకుండానే గాఢ నిద్ర ఒక్క రాత్రిలో సగమైపోవచ్చు, రెట్టింపూ కావచ్చు. అప్పుడు పాత 38 నిమిషాల సవరణ చెల్లదు, గింజల గిన్నె మళ్లీ ఒక వారం తీయాలి. కొత్త వాచీ కొన్నప్పుడు పాతదాన్ని వెంటనే ఎవరికీ ఇచ్చేయకుండా, ఒక వారం పాటు రెండు చేతులకూ రెండూ కట్టుకుని పోల్చడం ఇంకా మేలు.

డాక్టరు దగ్గరికి వెళ్లవలసి వస్తే

గురక ఎక్కువై, మధ్యలో ఊపిరి ఆగి ఒక్కసారిగా ఉలిక్కిపడి లేస్తున్నారని ఇంట్లోవారు చెప్పినా, పగలు బండి నడుపుతూ మగత కమ్ముతున్నా, వాచీ "మీ నిద్ర బాగుంది" అన్నదని ఆగిపోకండి. కొన్ని శాంసంగ్, యాపిల్ వాచీలలోని స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు) సూచనకు 2024లో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చిన మాట నిజమే. అయితే అది అనుమానాన్ని తెలిపే సూచన మాత్రమే, సూచన రాకపోవడం జబ్బు లేదనడానికి రుజువు కాదు. వేలికి పెట్టే ఆక్సీమీటర్లే చర్మం రంగును బట్టి తప్పు చూపవచ్చని అదే సంస్థ 2021లో హెచ్చరించింది కాబట్టి, మణికట్టు మీద వచ్చే ఆక్సిజన్ అంకెతో ధైర్యపడటమూ, బెదిరిపోవడమూ రెండూ తగవు. ఊపిరితిత్తుల వైద్యుడినో చెవి ముక్కు గొంతు వైద్యుడినో కలిస్తే నిద్ర పరీక్ష అవసరమో కాదో వారు తేలుస్తారు. నెలల తరబడి నిద్ర పట్టని సమస్యకు మాత్రల కన్నా ముందు అలవాట్లనూ ఆలోచనలనూ సరిదిద్దే సీబీటీ-ఐ అనే చికిత్సను ప్రయత్నించాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2016లోనే సిఫారసు చేసింది. ఆ మాట మీరే ఎత్తి అడగవచ్చు.

వెళ్లేటప్పుడు ఫోన్‌లోని రంగుల బొమ్మలు కాకుండా పద్నాలుగు రోజుల పుస్తకం పట్టుకెళ్లండి. ఒక్కో రోజుకు ఒక్క వరుస చొప్పున ఒకే కాగితం మీద ఎక్కిస్తే డాక్టరు ఒక్క చూపులో చదువుకుంటారు. వాచీ అంకెను చివరి గడిలో వేసి, దాని నడిమి తేడా ఎంతో కింద రాయండి. ఇంట్లోవారు గురక గురించి చెప్పిన మాటలను వారి మాటల్లోనే రాయించండి, వీలైతే వారినే వెంట తీసుకెళ్లండి. వేసుకుంటున్న మాత్రల పేర్లు, అవి వేసుకునే వేళలు కాగితం వెనుక వైపున ఉండాలి.